కూర్చున్న నడుము ఏల నొచ్చును?

బత్తలపల్లెలో ప్రొద్దు వాలినంతట వేపచెట్టు క్రింద నులకమంచము వాల్చుకొని, వాన జాడలను, వేరుశనగ ధరలను ముచ్చటించుకొనుచు రాత్రి భోజనము వేళవరకు సుఖముగా కూర్చుండు రైతులే, ధర్మవరమునకో అనంతపురమునకో పోవలసి బస్సు కొరకు చెక్కబల్లమీద అరగంట కూర్చుండినంత మాత్రమున, ఇటొకసారి అటొకసారి ఒరగుచు, లేచి నిలుచుచు, నడుము పట్టుకొన్నదని వాపోవుచుందురు. అలసట తీర్చుకొనుటకు గదా మనుష్యుడు కూర్చుండును. ఆ కూర్చుండుటయే అలసట యగుట యేల? చెక్క గట్టిది గనుక నొప్పించినదందమా, మెత్తని సోఫాలో కూర్చున్నవారును లేచునపుడు నడుము నొక్కుకొనుచునే లేచుచున్నారు. మెత్తనిది కాక, గట్టిది కాక, మఱి యెట్టి ఆసనము మనుష్యునకు సుఖమిచ్చును?

ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకినవారిలో వైద్యులును గలరు, వడ్రంగులును గలరు. వారిలో పలువురు ఐరోపా ఉత్తరభాగమున నున్న డెన్మార్క్, స్వీడన్ దేశములవారు. దీర్ఘమైన శీతకాలమును ఇంటిలోపలనే గడపవలసిన ఆ ప్రజల గృహజీవితమున కుర్చీకి గొప్ప స్థానమేర్పడుట సహజమే. డెన్మార్క్ పేరు మన సీమకు మఱీ క్రొత్తదియు కాదు. మదనపల్లె దాపున ఆరోగ్యవరమున క్షయరోగులకై వెలసిన ఆస్పత్రిని తొలినాళ్ళలో నడిపిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆ దేశపు వైద్యుడే. ఆయన కుమారుడు యొహానెస్ కూడ అచ్చటనే క్షయవ్యాధిని గూర్చి కృషి చేసెను. ఆ దేశపు వైద్యుల నెఱిగిన మనము ఆ దేశపు వడ్రంగుల నెఱుగకపోవుట ఒక లోపమని నా తలంపు. ఏలనన, 1949లో హాన్స్ వెగ్నర్ అను డెన్మార్క్ వడ్రంగి రూపొందించిన చేతుల కుర్చీ పై ప్రశ్నకు కఱ్ఱతో చెప్పిన సమాధానము. దానిని తెలిసికొనుటకు ముందు మన వెన్నెముకను కొంత తెలిసికొనవలెను.

నడుము వంపు

మనుష్యుడు నిలుచున్నపుడు వెన్నెముక నిటారుగా నుండునని తలతుము గాని, ప్రక్కనుండి చూచిన అది వంకరగానే యుండును. మెడకడ లోనికి, వీపుకడ వెలుపలికి, నడుముకడ మరల లోనికి వంగియుండు ఆ రేఖ శరీరభారమును కాళ్ళమీదికి నేర్పుగా దింపును. ఎముకకు ఎముకకు నడుమ, లోన జిగురువంటి పదార్థము నిండిన మెత్తని వెన్నుబిళ్ళలు అమరియుండి, నడచునపుడును దుముకునపుడును కలుగు తాకిడిని మ్రింగుచుండును. ఇపుడు ఆ మనుష్యుడు చదునైన బల్లమీద కూర్చున్నాడనుకొనుడు. నిలువుగానున్న తొడలు అడ్డమునకు తిరుగవలెను. అనగా 90 డిగ్రీల మలుపు. ఈ మలుపంతయు తొడకీలుకడనే జరుగునని తోచును గాని, అచ్చట జరుగునది సుమారు 60 డిగ్రీలే. తొడల వెనుకనున్న కండరములు బిగిసి కటియెముకను లాగుటచేత, మిగిలిన 30 డిగ్రీలను కటి వెనుకకు దొరలి పూరింపవలసి వచ్చును. ఆ దొరలుటతో నడుమువంపు చదునగును. వెన్నుబిళ్ళల ముందంచులు నొక్కుకొని, వెనుకవైపు సాగును. నొప్పికి మొదటి మూలమిది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరమున ఆల్ఫ్ నాకెమ్‌సన్ అను ఎముకల వైద్యుడు 1960ల యందు సన్నని సూదిని బ్రతికియున్న మనుష్యుల వెన్నుబిళ్ళలోనికి పంపి లోపలి ఒత్తిడిని కొలిచెను. నిలుచున్నప్పటి ఒత్తిడిని 100గా తీసికొన్నచో, వీపునకు ఆనుడు లేక కూర్చున్నపుడు అది 140 వరకు పెరుగుచున్నట్లు ఆయన లెక్కలో తేలెను. 1999లో జర్మనీ శాస్త్రజ్ఞులు క్రొత్త పరికరముతో మరల కొలిచి, ఈ భేదము అంత పెద్దది కాదనియు, వెనుకకు ఆని సడలి కూర్చున్నచో ఒత్తిడి నిలుచున్నప్పటికంటె తక్కువయే యనియు చెప్పిరి. అంకెలలో ఎంత భేదమున్నను, వీపునకు ఆనుడు దొరకినచో వెన్నుబిళ్ళల భారము తగ్గునను మాటలో మాత్రము వివాదము లేదు.

తొడలకును మొండెమునకును నడుమ కోణము ఎంత యుండవలెనను ప్రశ్నను జె. జె. కీగన్ అను అమెరికా వైద్యుడు 1953లో ఎక్స్‌రే చిత్రములతో పరిశీలించెను. ఆ కోణము 90 డిగ్రీలు కాక, సుమారు 135 డిగ్రీలున్నపుడు కండరములన్నియు సమముగా సడలి నడుము తన సహజమైన వంపును నిలుపుకొనునని ఆయన కనుగొనెను. ప్రక్కకు తిరిగి పరుండి నిద్రించువాని భంగిమలో ఇంచుమించు ఈ కోణమే కనబడును. బత్తలపల్లెకు దాపుననే యున్న ధర్మవరమున గుంతమగ్గము కడకు పోయి చూడుడు. పట్టు నేయువాడు నేలమట్టమున కూర్చుండి, కాళ్ళను గుంతలోనికి దింపి, పావుకోళ్ళను త్రొక్కుచుండును. మోకాళ్ళు కటికంటె క్రిందుగా నుండుటచే కోణము విప్పారును, పాదములు ఎడతెగక కదలుచుండును. ఆ గుంతను త్రవ్వినవారు ఎక్స్‌రేలు చూచినవారు కారు. అయినను నేతగాండ్రకు నడుమునొప్పి లేదని నేననను. వెనుక ఆనుడు లేకుండ, ముందునకు వంగి, ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు పని చేయువానికి ఒక్క కోణము బాగుగా నున్నంతమాత్రమున సుఖము చేకూరదు.

నొప్పికి రెండవ మూలము కదలకుండుట. పెద్దవారి వెన్నుబిళ్ళలలోనికి రక్తనాళములు పోవు. వానికి కావలసిన ఆహారమంతయు చుట్టునున్న ఎముకలనుండి మెల్లగా ఊరవలసినదే. శరీరము కదలునపుడు బిళ్ళలు నొక్కుకొని, మరల విచ్చుకొని, పాతనీటిని విడిచి క్రొత్తనీటిని పీల్చుకొనును. ఒకే భంగిమలో గంటసేపు కదలక కూర్చున్నచో, ఆ భంగిమ ఎంత శాస్త్రీయమైనను, ఈ రాకపోకలు మందగించును. నులకమంచముపై రైతు హాయిలో మంచము పాలెంతయో అతని కదలిక పాలును అంతయే కలదు: అతడు ఒక కాలు మడచును, ఒక కాలు వ్రేలాడవిడుచును, మోచేతిపై ఒరగును, బాసిపట్టు వేయును, ఇవన్నియు ఎవరును నేర్పకయే చేయును. చేతులు బిగించుకొని నిటారుగా కూర్చుండుమని బడిలో పిల్లలను గద్దించుట క్రమశిక్షణ కావచ్చును గాని, వారి వెన్నులకు అది మేలు చేయదు.

రెండెముకల మీది భారము

బల్లమీద కూర్చున్నపుడు శరీరభారములో అధికభాగము పిరుదుల అడుగున నున్న రెండు చిన్న ఎముకబొడిపెల మీద పడును. అఱచేతులను పిరుదుల క్రింద నుంచుకొని కూర్చున్నచో అవి చేతికి గ్రుచ్చుకొనుట ఎవరైనను ఎఱుగవచ్చును. చెక్క వంగదు, ఎముక వంగదు. నడుమ చిక్కుకొన్న కండయు చర్మమును రక్తప్రసారము తగ్గి తిమ్మిరెక్కును. భారము ఎంత యన్నదికాక, అది ఎంత మేర పఱచుకొన్నదన్నదియే ఇచ్చట ప్రధానము.

నులక ఈ చిక్కును విడదీయు విధానము మిక్కిలి సొగసైనది. కిత్తనార త్రాళ్ళు ఒకదానిక్రింద నొకటి దూరి అల్లుకొనుటచే, ఒకచోట పడిన బరువును ఆ చోటి త్రాడు ఒక్కటియే మోయక, తన్ను దాటిపోవు త్రాళ్ళకెల్ల పంచును. బొడిపె క్రింది త్రాళ్ళు వ్రేలెడు దిగినంతట చుట్టునున్న త్రాళ్ళు తొడలను, పిరుదుల ప్రక్కలను తాకి తమవంతు భారమును అందుకొనును. ఇంత మేలు చేయు నులకయే వదులైనచో కీడు చేయును. మంచము ఉయ్యాలవలె దిగబడి, కటి వెనుకకు దొరలి, పైన చెప్పిన నడుమువంపు పూర్తిగా చెడును. తొడలు లోనికి నొక్కుకొని ప్రక్కకు ఒరగుటయు కష్టమగును. మిక్కిలి మెత్తని సోఫాలోని దోషమును ఇదియే: అది భారమును పంచును గాని, కదలనీయదు. అందుచేతనే మన ఇండ్లలో కాళ్ళవైపు త్రాటిని అపుడపుడు విప్పి లాగి బిగింతురు. బిగువుకును వదులుకును నడుమనున్న ఆ సన్నని హద్దును చేతితో తట్టి, వినబడు శబ్దమును బట్టి నిర్ణయింపగల పెద్దలు ఇప్పటికిని గలరు.

వెగ్నర్ 1949లో రూపొందించిన కుర్చీలలో మఱియొకటి, వీపునకు పంగలకఱ్ఱవలె చీలిన పలక గలది, 1950 నుండి నేటివరకు కార్ల్ హాన్సెన్ అను సంస్థవారు విడువక చేయుచున్నారు. దాని సీటును కాగితమును పేనిన త్రాటితో చేతితోనే అల్లుదురు; ఒక్కొక్క కుర్చీకి ఆ త్రాడు సుమారు 120 మీటర్లు పట్టును. కాగితపు త్రాడనగానే పాఠకులు సందేహింతురేమో. గట్టిగా మెలిపెట్టిన కాగితము సాగదు, జాఱదు, దశాబ్దములు నిలుచును. అల్లిక తీరు వేరైనను భారమును పంచు ధర్మము మన నులకదే. గాలి ఆడుట చేత చెమట పట్టనీయని గుణమును దానిదే. మండువేసవిలో రెక్సిన్ కుర్చీలో కూర్చుండి లేచినవారికి ఈ గుణము విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు.

టోండర్ ఊరి వడ్రంగి

హాన్స్ వెగ్నర్ 1914లో దక్షిణ డెన్మార్క్‌లోని టోండర్ అను చిన్న ఊర పాదరక్షలు కుట్టువాని యింట జన్మించెను. పదునాలుగేండ్ల ప్రాయమున ఒక వడ్రంగి కడ పనికి కుదిరి, పదునైదవయేట తన మొదటి కుర్చీని చేసెను. ఇరువదియేండ్లు వచ్చిన పిమ్మట రాజధానియగు కోపెన్‌హాగన్ చేరి హస్తకళల పాఠశాలలో చదువుకొనెను. ఆ కాలమున ఆ నగరమున కార్ క్లింట్ అను ఆచార్యుని ప్రభావము విస్తారముగా నుండెను. 1924లో రాయల్ అకాడమీ అను కళాపరిషత్తున గృహోపకరణముల శాఖను నెలకొల్పిన క్లింట్, అలంకారములను ప్రక్కకు నెట్టి, మనుష్యదేహమును కొలబద్దతో కొలుచుటతో పాఠము ప్రారంభించెడివాడు. అల్మార చేయవలెనన్న అందు ఉంచు బట్టల మడతలను సైతము కొలిపించెడివాడు. పాతకాలపు మంచి కుర్చీలను, అవి ఏ దేశమువైనను, విప్పి చూచి, కొలిచి, వాని గుణములను గ్రహింపుడని శిష్యులకు బోధించెను.

వెగ్నర్‌కు ఆ గ్రహణశక్తి మెండు. డెన్మార్క్ వర్తకులు చైనా కుర్చీలలో కూర్చుండి వ్రాయించుకొన్న చిత్తరువులను చూచి, వీపుపట్టెయు చేతులును ఒకే వంపుగా సాగిపోవు ఆ పొందిక నతడు తన పనిలోనికి తెచ్చుకొనెను. ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్కటి తీసివేయుచు పోయి, తుదకు 1949లో నాలుగు కాళ్ళు, ఒక సీటు, ఒక అర్ధచంద్రాకారపు పట్టె మాత్రమే మిగిలిన చేతుల కుర్చీని సిద్ధపఱచెను. యొహానెస్ హాన్సెన్ కార్ఖానాలో తయారైన ఈ కుర్చీకి అతడు పెట్టిన పేరు గుండ్రని కుర్చీ యనియే. అమెరికావారు మాత్రము మఱి విశేషణమేదియు లేక ‘ద చేర్’ అని పిలిచిరి. 1960 సెప్టెంబరు 26వ తేదీన చికాగోలో అమెరికా అధ్యక్షపదవికి పోటీపడిన కెన్నెడీ, నిక్సన్‌లకు జరిగిన టెలివిజన్ వాదమున వారిరువురును ఈ కుర్చీలలోనే కూర్చుండిరి. అందు కెన్నెడీ చిరకాలపు నడుమునొప్పి గలవాడు. వెగ్నర్ 2007లో మరణించునాటికి 500లకు పైగా కుర్చీలు రూపొందించెను.

ఆ అర్ధచంద్రపు పట్టె వీపునంతను కప్పదు. నడుముపైని, వీపు క్రిందిభాగమును మాత్రము తాకి, కటి వెనుకకు దొరలకుండ ఆపును. పైభాగము విడిచియుండుటచే కూర్చున్నవాడు భుజములను తిప్పవచ్చును, ప్రక్కకు ఒరగి చేతిని పట్టె వెనుకకు వేయవచ్చును, అడ్డముగా తిరిగి ప్రక్కవానితో మాటలాడవచ్చును. ఆనుడు కావలెనని చెప్పిన వైద్యశాస్త్రమును, కదలిక కావలెనని చెప్పిన వైద్యశాస్త్రమును ఒకే కఱ్ఱముక్కలో తీర్చిన ఈ నేర్పే నన్ను అన్నింటికంటె ఆకర్షించినది. లోకము దాని అందమును పొగడినది. నా మట్టుకు అందము ఆ నేర్పుకు కలిగిన ఫలమే.

కఱ్ఱలోని పోగు

అర్ధచంద్రాకారమును ఒకే వెడల్పు పలకనుండి కోసివేయరాదా యని అడుగవచ్చును. కోయవచ్చును గాని అది విఱుగును. కఱ్ఱ యనగా పొడవుగా సాగిన పోగుల కట్ట. పోగుల పొడవున దాని బలము అపారము. పోగు వెంబడి చీల్చుట మాత్రము చాల తేలిక, కట్టెలు కొట్టు ప్రతివారును దీని నెఱుగుదురు. వంపు తిరిగినచోట పోగులు పొట్టిగా తెగిపోవుటచే అచ్చట పట్టె పెళుసెక్కును. కనుక వెగ్నర్ పట్టెను ముక్కలుగా చేసి, ప్రతిముక్కలోను పోగు వంపు వెంబడి పోవునట్లు అమర్చి, కొనలను ఱంపపుపండ్లవలె కోసి ఒకదానిలో నొకటి దూర్చి అతికించెను. బండిచక్రపు అంచును ఒకే దుంగనుండి తీయక, నల్లతుమ్మకఱ్ఱతో వేఱువేఱు పూటీలుగా చెక్కి కూర్చు మన పల్లెల వడ్రంగులు పాటించినదియు ఈ సూత్రమే. మొదట ఈ అతుకులు బయటికి కనబడరాదని వాని మీద పేము చుట్టించిన వెగ్నర్, త్వరలోనే ఆ చుట్టును తీసివేసి అతుకును నిర్భయముగా చూపెను. అతుకు దాచవలసిన దోషము కాదనియు, పనితనమునకు గుర్తనియు నమ్మినవాడే అట్లు చేయగలడు.

కాళ్ళ సంగతియు గమనింపదగినది. అవి పైకిని క్రిందికిని సన్నబడుచు, సీటు కలియుచోట మాత్రము లావుగా నుండును. కుర్చీని వెనుకకు వాల్చినపుడు కాలిని విఱువజూచు బలము ఆ కూడలిలోనే గరిష్ఠము గనుక కఱ్ఱ అచ్చటనే ఎక్కువ కావలెను. ఇక కఱ్ఱ జాతి మాట. గాలిలోని తేమను బట్టి కఱ్ఱ అడ్డముగా ఉబ్బును, ముడుచుకొనును. పొడవున ఇంచుమించు మాఱదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగాలి వీచు అనంతపురము మెట్టలలో తలుపులు పగులుటయు, కుర్చీకాళ్ళు వదులై కదలుటయు ఇందువలననే. నూనె గుణము గలిగి, ముడుచుకొనుట తక్కువైన టేకు ఈ బాధకు మంచి మందు; రెండవ ప్రపంచయుద్ధానంతరము డెన్మార్క్ వడ్రంగులు తమ దేశమున మొలవని ఆ కఱ్ఱను ఆసియానుండి తెప్పించుకొని విరివిగా వాడిరి.

రూర్కీ నుండి వచ్చిన కుర్చీ

డెన్మార్క్‌కు పోయినది టేకు ఒక్కటియే కాదు. 19వ శతాబ్ది చివర ఉత్తరహిందూస్థానమున రూర్కీలోని సైనిక ఇంజనీర్ల స్థావరము పేర ఒక కుర్చీ ప్రసిద్ధి కెక్కెను. మేకులేదు, జిగురులేదు, కోసుగా చెక్కిన కుసులు కాళ్ళలోని కోసురంధ్రములలోనికి దూరును, తోలుపట్టీలు వానిని లాగి పట్టుకొనును, సీటునకు క్యాన్వాసు గుడ్డ. క్షణములో విప్పి మూటగట్టి మఱియొక విడిదికి కొనిపోవచ్చును. కార్ క్లింట్ 1933లో రూపొందించిన సఫారీ కుర్చీకి ఇదియే మాతృక.

దీని యందలి భౌతికశాస్త్రము మన పల్లెల నేలకు తగినది. నాలుగు కాళ్ళ బిగువైన కుర్చీని ఎగుడుదిగుడు నేలపై వేసినచో మూడు కాళ్ళు ఆని నాలుగవది గాలిలో నుండును, కుర్చీ టకటక కొట్టుకొనును. రూర్కీ కుర్చీ అతుకులు కొంచెము తిరుగగలవు గనుక ఒక్కొక్క కాలు తన నేలను తాను వెదకికొనును. మనుష్యుడు కూర్చున్నంతట అతని బరువే పట్టీలను లాగి అతుకులను బిగించును. ఎంత బరువైన అంత బిగువు. సైనికుల విడిదిలో పుట్టిన ఉపకరణమును కళాశాలాచార్యుడు తలవంచి అధ్యయనము చేసెను; మన చదువులలో ఆ వినయము కొఱవడినదని చెప్పక తప్పదు. గుంతమగ్గమును, నులకమంచమును, బండిచక్రమును కొలిచి పటములు గీయించు పాఠశాలలు మనకెన్ని గలవు?

ఎవరి కొలత?

ఎంత గొప్ప కుర్చీయైనను అది ఎవరి దేహమునకు కొలిచి చేసినదో వారికే గొప్పది. వెగ్నర్ గుండ్రని కుర్చీ సీటు నేలకు సుమారు 44 సెంటీమీటర్ల ఎత్తున నుండును. పొడుగరులైన డెన్మార్క్‌వారు, అందును బూట్లు తొడిగి కూర్చుండువారు, దానిలో పాదములు నేల కాన్చి హాయిగా నుందురు. చెప్పులు వాకిట విడిచి లోనికి వచ్చు మన యింటి ఆడవారిలో పలువురకు అదే ఎత్తున మడమలు లేచిపోవును. అపుడు సీటు ముందంచు మోకాలి వెనుక నొక్కి రక్తమును అడ్డగించును, కాళ్ళు మొద్దుబాఱును. ముందంచు నొప్పి తాళలేక వారు ముందునకు జరుగుదురు, ఆ జరుగుటతో వీపునకు ఆనుడు దూరమగును. బజారున దొరకు కుర్చీలన్నియు ఇంచుమించు ఒకే ఎత్తున నుండుట చేత, ఇంటిలో పొట్టివారే ఎల్లపుడు బాధపడుచున్నారు.

కొలుచుట కష్టము కాదు. గోడకానుకొని, మోకాలు మడచి, వట్టి పాదము నేలకు చదునుగా ఆన్చి కూర్చున్నపుడు, నేలనుండి మోకాటి వెనుక మడతవరకు గల ఎత్తే సీటు ఎత్తు. ఒక వ్రేలెడు తక్కువైనను నష్టము లేదు, ఎక్కువైన కూడదు. సీటు లోతు, వీపు ఆనియుండగా మోకాటి వెనుక మూడు వ్రేళ్ళు దూరునంత చోటు విడిచి ఆగవలెను. వీపుపట్టె నడుము వంపును తాకవలెను. చేతులు, భుజములు పైకి లేవకుండ మోచేతులు ఆనునంత ఎత్తుననే యుండవలెను. ఇప్పటికే ఇంటనున్న కుర్చీ ఎత్తైనదైనచో కాళ్ళు కోయించుడు. కోయుటకు మనసొప్పనిచో పాదముల క్రింద ఒక పీట వేసికొనుడు. ఇక ఎంత కుదిరిన కుర్చీ యైనను, అరగంట కొకమారు లేచి నాలుగడుగులు వేయుడు.

వెగ్నర్ కుర్చీ వెల మన సామాన్య కుటుంబములకు అందనిది. దానిని కొనుమని నేను చెప్పుట లేదు. వేపయు, తుమ్మయు మన మెట్టలలోనే దొరకును, కుసి చెక్కగల చేతులు ప్రతి మండలములోను గలవు. ఆ చేతులకు కావలసినది కూర్చొనువారి కొలత మాత్రమే. అందును ముందుగా కొలువవలసినవారు బడిపిల్లలు. గ్రామపెద్దలును, బడికి దానము చేయు ధర్మాత్ములును బల్లలు చేయించునపుడు దయచేసి ఒకమారు పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి మోకాటి ఎత్తులు కొలిపింపుడు. ఒకటవ తరగతి బిడ్డకును పదవ తరగతి బిడ్డకును ఒకే ఎత్తు బల్ల చేయింపకుడు.